బరకం మీద కుర్చీ

ధనరాజు ఏ కుర్చీలో, ఎటు తిరిగి కూర్చున్నాడో ముందు చెప్పుకోవాలి. తక్కిన సంగతులు దాని వెనకే వస్తాయి.

బందరు నుంచి గిలకలదిండి రేవుకి వెళ్లే రోడ్డు పక్కన నాంచారమ్మ టీ కొట్టు ఉంది. కొట్టు ముందు రేకుల పంచ, పంచలో రెండు బల్లలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. పంచకి తూర్పున పది అడుగుల అవతల, నేల మీద పాత వలలు పరిచిన జాగా. నాంచారమ్మ టీ కాస్తూనే ఆ వలల మీద నెత్తళ్లు ఎండబెడుతుంది. వచ్చినవాళ్లు అలవాటుగా బల్లల మీద తూర్పుముఖంగా, చేపలు కనబడేలా కూర్చుంటారు. ఆ మధ్యాహ్నం ధనరాజు మాత్రం కుర్చీని గిర్రున తిప్పి, చేపలకి వీపు పెట్టి, జనానికి ఎదురుగా పడమటి ముఖంగా కూర్చున్నాడు. అదీ, వాన వస్తే చేపల మీద కప్పడానికి మడతపెట్టి ఉంచిన నీలం బరకం మీదకి నాలుగు కాళ్లూ దించి మరీ.

నాంచారమ్మ అది చూసింది. చూసి, మళ్లీ గ్లాసులు కడగడంలో పడింది.

నెత్తళ్ల సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. అవి చిటికెనవేలంత చేపలు. పెద్ద చేపకైతే పొట్ట చీల్చి ఉప్పు పట్టిస్తారు గానీ వీటికి ఉప్పు అక్కర్లేదు, ఎండ చాలు. పట్టిన రోజే పరిచి, గంటకోసారి తిరగేసి, గలగలలాడేదాకా ఎండనివ్వాలి. సగం ఎండినప్పుడు నాలుగు చినుకులు పడ్డాయంటే మర్నాటికి ఎర్రబారి కంపు కొడతాయి, ఇక కోళ్ల దాణాకి తప్ప పనికిరావు. అందుకని ఈ పని చేసే మనిషి టీ వడకడుతున్నా, పెళ్లిలో అక్షింతలు వేస్తున్నా, ఒక కన్ను ఆకాశం మీదే ఉంచుతుంది. అది ఒకరు నేర్పేది కాదు. రెండుసార్లు చేపలు తడిస్తే అదే వస్తుంది.

ధనరాజుది నాగాయలంక. ఏదో వరసన నాంచారమ్మకీ ఆమె తమ్ముడికీ బావ అవుతాడు. మూడేళ్లపాటు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పోయిన వారం తెల్ల చొక్కా, నల్ల కళ్లజోడుతో దిగి, మడగాస్కర్ నుంచి వస్తున్నానన్నాడు. అక్కడ ఎండుచేపల వ్యాపారం పెట్టాడట. చేతికింద నమ్మకమైన మన మనిషి ఒకడు కావాలట. ఆ మనిషి నాంచారమ్మ తమ్ముడు దుర్గాశ్రీనివాసేనట.

తల్లి పోయేనాటికి శ్రీనుకి నాలుగేళ్లు. చంకనేసుకుని పెంచింది నాంచారమ్మే. ఇప్పుడు ఇరవై ఆరేళ్లవాడు, బోటు మీద వేటకి వెళ్తాడు. రెండేళ్ల కిందట తీసుకున్న పాస్‌పోర్టు ఒక్క ముద్రయినా పడకుండా ట్రంకుపెట్టెలో ఉండేది. ఇవాళ అది ప్లాస్టిక్ కవర్లో, శ్రీను చొక్కా జేబులో ఉంది. టీలు తాగాక దాన్ని ధనరాజు చేతికిస్తే, అతను నాలుగింటి బస్సుకి గుడివాడ తీసుకెళ్లి, అక్కడెవరో కాగితాలు చూసే ఆయనకి అప్పగిస్తాడు. ఆయన పేరు అడిగితే, పేర్లతో పనేముంది, పని జరగడం ముఖ్యం అన్నాడు ధనరాజు.

నాంచారమ్మకి రెండు వైపులా భయమే. ఈ మనిషి చెప్పేది నిజమై తాను అడ్డుపడితే, తమ్ముడు బతికినన్నాళ్లూ ఆ మాట మనసులో పెట్టుకుంటాడు. అబద్ధమైతే, ఏ దేశంలోనో చేతిలో కాగితం లేకుండా ఎవడి కాళ్ల దగ్గర పడి ఉంటాడో తెలియదు. నాలుగింటిలోపు తేల్చుకోవాలి. గోడ గడియారంలో రెండూ ముప్పావు అయింది.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు" అని మొదలుపెట్టాడు ధనరాజు. "దిగేటప్పటికి నా చేతిలో ఒక సంచి. సంచిలో రెండు జతల బట్టలు, మా అమ్మ మూటకట్టిన నెత్తళ్లు. భాష రాదు. తెలిసిన మొహం ఒక్కటి లేదు. ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకుని, ఆకలేసి నాలుగు నెత్తళ్లు వేయించుకున్నాను. ఉల్లిపాయ కూడా లేదు, ఉట్టి నూనెలో. అంతే, వీధి వీధంతా తలుపులు తెరుచుకుంది. ఇదేం కంపు అని ఎవరో ఫోన్ చేస్తే ఇద్దరు పోలీసులు వచ్చారు. కంపు కాదు సార్, దీన్ని వాసన అంటారు అని చెరో ప్లేటు చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"లోపలేశారా అన్నా?" అన్నాడు ఆటో రాము. ముదినేపల్లి నుంచి కిరాయికి వచ్చి, తిరుగు బేరం కోసం ఆగినవాడు.

"స్టేషన్‌కి తీసుకెళ్లారు. తీసుకెళ్లి తక్కినవాళ్లకీ వేయించి పెట్టమన్నారు."

అందరూ నవ్వారు. నాంచారమ్మ కూడా నవ్వింది. ఇంతవరకూ జరగకూడనిదేమీ లేదు. నెత్తళ్లు వేగే వాసనకి దారిన పోయేవాళ్లు ఆగడం ఆమె రోజూ చూసేదే. కాకపోతే ఆ మూట కట్టిచ్చిన అమ్మ అయిదేళ్ల కిందటే పోయిందని ఆమెకి గుర్తు. దాన్ని మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

తర్వాత ధనరాజు కొట్టు పెట్టిన వైనం చెప్పాడు. కొత్తగా వచ్చినవాడు ఆ దేశంలో వ్యాపారం పెట్టాలంటే పదకొండు ఆఫీసుల్లో పదకొండు సంతకాలు కావాలి. మనవాళ్లయితే చెప్పులరిగేలా తిరుగుతారు. తాను ఒక్క ఆఫీసుకి వెళ్లి, వరండాలో పొయ్యి పెట్టి కూర్చున్నాడు. మిగతా పది ఆఫీసులూ వాసన పట్టుకుని వాటంతటవే వచ్చాయి. వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడాలి కాబట్టి నాలుగు రోజుల్లో ఆ భాష నేర్చుకున్నాడు. అయిదో రోజు వాళ్లే తప్పులు దిద్దించుకోవడానికి తన దగ్గరికి వచ్చేవాళ్లు.

బల్ల చివర కూర్చున్న పెద్దింట్లమ్మ తల పైకెత్తింది. డెబ్భై దాటిన మనిషి. ఎదురుగా వలల మీద ఎండుతున్న చేపల్లో సగం ఆవిడవే. "ఏదీ అబ్బాయ్, ఆ భాషలో ఒక్క ముక్క అను."

"అది పొద్దునపూట మాట్లాడే భాష పెద్దమ్మా. మధ్యాహ్నం మాట్లాడితే అర్థం మారిపోద్ది."

రాము బల్ల మీద చరిచి నవ్వాడు. శ్రీను నవ్వలేదు, నిజమేనన్నట్టు తలూపాడు. ఆ తలూపుడు చూసేసరికి నాంచారమ్మ చేతిలో గరిటె ఆగింది. వాడు అలా తలూపింది చిన్నప్పుడు, చందమామలో ముసలమ్మ ఉందని తను చెప్పినప్పుడు.

ఇక తనే అడగడం మొదలుపెట్టింది. చేపలు ఎక్కడ ఎండబెట్టేవాడివి అంటే, మూడు మైళ్ల సముద్రపు ఒడ్డు తనకే రాసిచ్చారన్నాడు. ఉప్పు ఎక్కడ కొనేవాడివి అంటే, లారీల మీద తెప్పించేవాడినన్నాడు.

"నెత్తళ్లకి ఉప్పేంటి బావా?"

ధనరాజు ఒక్క క్షణం తడబడి సర్దుకున్నాడు. "ఇక్కడి నెత్తళ్లకి అక్కర్లేదమ్మా. అక్కడివి మూరెడేసి ఉంటాయి. పొట్ట చీలిస్తే ఒక్కోదాంట్లో మళ్లీ మన నెత్తళ్లంత పిల్లలు పన్నెండు."

"కాకులు ఎత్తుకుపోవా?" అంది పెద్దింట్లమ్మ.

"మొదట్లో ఎత్తుకుపోయేవి. కూర్చోబెట్టి మాట్లాడాను. డజను కాకుల్ని పనిలో పెట్టుకున్నాను, గద్ద కనబడితే అరవాలని. ఆదివారం వాటికి సెలవు."

"మరి ఆదివారం ఎవరు కాసేవాళ్లు?"

"గద్దలు."

అక్కణ్నుంచి కథ నేల మీద నిలవలేదు. ఆ చేపల తళతళకి ఆకాశంలో విమానాలు దారి తప్పేవట. ఒకాయన అదే రన్‌వే అనుకుని చక్రాలు దించేశాడట. అప్పుడు ప్రభుత్వం వాళ్లు చేతులు జోడించి అడిగితే, ధనరాజు మూడు మైళ్ల చేపల్నీ రెండో వైపుకి తిరగేయించాడట. ఆ రోజు నుంచి అక్కడ పిల్లల భూగోళం పుస్తకంలో ఉత్తరాన కొండ, దక్షిణాన నది, మధ్యలో ధనరాజు గారి ఎండుదిబ్బ అని ఉంటుందట. నువ్వు వచ్చావంటే ఉత్తరపు సగం నీదే శ్రీనూ అన్నాడు. శ్రీను చెయ్యి తనకి తెలియకుండానే జేబు మీదకి వెళ్లింది.

నాంచారమ్మకి అప్పుడు తెలిసివచ్చింది, ఈ మనిషిని మాటలతో పట్టుకోలేనని. అడిగిన ప్రతిదానికీ అతని దగ్గర ఇంకో తలుపు ఉంది. దూరదేశం అనేది అందుకే పనికొస్తుంది, అక్కడ చేప ఎంత పొడుగున్నా కొలిచి చూసేవాడుండడు. బడిలో కూడా అంతే. ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లవాణ్ణి ఇంకో ఎక్కం అడిగి లాభం లేదు. పలక చేతికిచ్చి లెక్క చేసి చూపించమనాలి. కానీ టీ కొట్టులో పలక ఎక్కణ్నుంచి వస్తుంది?

ఆ ఆలోచనలో ఉండగానే గాలి ఆగింది.

పొద్దుటి నుంచీ సముద్రం మీదనుంచి వీస్తున్న గాలి, పొయ్యి మంటని ఒక పక్కకి వంచుతున్న గాలి, ఉన్నట్టుండి లేకుండా పోయింది. మంట నిటారుగా నిలబడింది. నాంచారమ్మ తల తిప్పి పడమటికి చూసింది. బందరు ఊరి మీద, కుండ అడుగున మసిలాంటి మబ్బు లేస్తోంది. ఇలాంటిది దసరా వెళ్లిన రోజుల్లో పాలు పొంగేలోపు మీదకొస్తుంది.

వాన అని కేకవేయడానికి నోరు తెరిచింది. ఎన్నేళ్ల అలవాటో అది. తెరిచిన నోరు మళ్లీ మూసేసింది.

బల్లల మీద ఉన్నవాళ్లందరి వీపులూ ఆ మబ్బుకే. ధనరాజు మొహం మాత్రం సరిగ్గా దానికెదురుగా ఉంది. తలెత్తక్కర్లేదు, కళ్లు తెరిచి ఉంటే చాలు. ఒక్క నెల రోజులు ఎండుచేపలతో బతికినవాడైనా ఇప్పుడు మాట మధ్యలో ఆగుతాడు. ఆగాడంటే, మూడు మైళ్లు కాకపోయినా మూడు గజాల జాగా అయినా నిజమే. అంతపాటి నిజం ఉంటే తమ్ముణ్ణి తనే బస్సెక్కించొచ్చు.

పెద్దింట్లమ్మ ముక్కుపుటాలు కదిలాయి. ఆవిడకి వెనక్కి చూడాల్సిన పని లేదు. గబుక్కున లేవబోతూ నాంచారమ్మ వైపు చూసింది. నాంచారమ్మ పెదవుల మీదకి వేలు తీసుకెళ్లి, చెమట తుడుచుకున్నట్టు దించేసింది. ముసలావిడ ఒకసారి వలల మీద చేపల్ని చూసింది, ఒకసారి శ్రీను జేబు చూసింది. ఏమనుకుందో, చీర కొంగు బొడ్లో దోపుకుని, లేవడానికి సిద్ధంగా మళ్లీ కూర్చుంది.

ఇద్దరి రెండు రోజుల కష్టం ఆ వలల మీద ఉంది. నాంచారమ్మకి అరికాళ్లు దురద పెట్టినట్టయింది. తమ్ముడి వంక చూసింది. వలల మధ్య పుట్టి పెరిగినవాడు, గాలి ఆగిన సంగతి వాడికీ తెలియలేదు. వాడి కళ్లు ధనరాజు పెదాల మీదే ఉన్నాయి. అంత దూరం వెళ్లిపోయాడన్నమాట అప్పుడే, బస్సెక్కకుండానే.

ఆమె టీ గ్లాసు తీసుకెళ్లి ధనరాజుకి అందిస్తూ చాలా నెమ్మదిగా అడిగింది. "అవును బావా, అక్కడ వానలు పడవా?"

ధనరాజుకి ఆ ప్రశ్న పాయసంలా తగిలింది. "మంచి మాట అడిగావు నాంచారమ్మా. అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను. వానంటే నా ముక్కే. మూడు గంటల ముందు పసిగడతాను. అక్కడ వాతావరణం ఆఫీసు పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చి నా గుమ్మంలో కూర్చునేవాడు. నేను తుమ్మితే తుపాను. ముక్కు గోక్కుంటే జల్లు. ఊరికే ఉంటే ఎండ. రేడియోలో అలాగే చెప్పేవాళ్లు, ఇవాళ ధనరాజు గారు ఊరికే ఉన్నారు, పడవలు వెళ్లొచ్చు అని."

పంచలోకి చీకటి పాకింది. ధనరాజు నల్ల కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పడమటికేసి మబ్బుని నిండుగా చూశాడు.

"పొద్దు పోతున్నట్టుందే" అన్నాడు ధనరాజు. కళ్లజోడు జేబులో పెట్టుకుని కథ అందుకున్నాడు.

"ఒకరోజు ఏమైందంటే, పండగ. పనివాళ్లందరూ ఊళ్లకి వెళ్లారు. కాకులూ లేవు. ఎనిమిది ఎకరాల నిండా చేపలు, నేనొక్కణ్ణే. తుమ్ము వచ్చింది. మామూలు తుమ్ము కాదు, ఏడు తుమ్ములు. చూస్తే ఆకాశం నుంచి చినుకు బయలుదేరింది. మొట్టమొదటి చినుకు. నేను కళ్లారా చూశాను దాన్ని, పైన మబ్బు వదిలి కిందకి వస్తోంది. ఇంకెవడైనా అయితే ఏడ్చేవాడు. నేను పంచె ఎగ్గట్టాను. ఈ రెండు చేతులే. ఆ చినుకు నేల మీద పడేలోపు ఎనిమిది ఎకరాల చేపలూ ఎత్తి, కుప్పలు పోసి, బరకాలు కప్పి, తాళ్లు బిగించి, నిలబడి, ఇదిగో ఇలా అరచెయ్యి చాపి ఆ చినుకుని పట్టుకున్నాను." చెయ్యి చాపి చూపించాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

రేకు మీద టప్పుమంది.

రెండో చప్పుడుకి శ్రీను బల్ల మీద లేడు. అతను లేవాలనుకుని లేచినట్టు కూడా లేదు, కాళ్లే లేపేశాయి. పరిగెత్తుతూనే జేబులోంచి కవరు తీసి, నీళ్లలో దిగేవాడు ఫోన్ ఇచ్చినట్టు, చూడకుండా అక్క చేతిలో పెట్టేశాడు. ఆమె దాన్ని టీపొడి డబ్బాలో పడేసి మూత నొక్కి వెనకే పరిగెత్తింది. పెద్దింట్లమ్మ అప్పటికే వల ఒక కొస పట్టుకుని ఉంది. చేపల పని ఎరగని రాము కూడా, ధాన్యం ఆరబోసే ఊరివాడు కదా, వచ్చి ఇంకో కొస పట్టాడు. నలుగురూ నాలుగు మూలల నుంచి వలని మధ్యకి లాక్కొచ్చారు. ఒక వల కుప్పయింది. రెండోది కుప్పవుతుండగా జల్లు ఊపందుకుంది. బరకం, బరకం అన్నాడు రాము.

శ్రీను దాని కోసం పంచలోకి వచ్చాడు. వచ్చి నిలబడిపోయాడు.

ధనరాజు కుర్చీలోనే ఉన్నాడు. నీళ్లు చింది ప్యాంటు పాడవకుండా రెండు కాళ్లూ కుర్చీ మీదకి ముడుచుకుని, టీ గ్లాసు గుండెలకి ఆనించుకుని, ఖాళీ బల్లలకేసి చూస్తూ, ఎవరు వింటున్నారో లేదో పట్టకుండా, ఆ దేశపు ప్రెసిడెంటు గారు ఆ చినుకుని గాజు సీసాలో దాచుకున్న సంగతి చెబుతున్నాడు.

శ్రీను జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"బావా, కాస్త లే. బరకం నీ కుర్చీ కింద ఉంది."

ధనరాజు కిందకి చూశాడు. "ఇదా? చాప అనుకున్నాను."

ధనరాజు లేచేదాకా ఆగి, శ్రీను బరకం లాక్కుని వానలోకి వెళ్లిపోయాడు.

పావుగంటలో వాన వెలిసింది. మొదటి కుప్ప దక్కింది, రెండోది చాలావరకు తడిసింది. దాణా బేరగాడికి కబురు పెట్టాలి అనుకుంటూ పెద్దింట్లమ్మ చీర పిండుకుంది. నాంచారమ్మ తన వాటా పొడి చేపల్లోంచి ఆవిడ బుట్టలోకి తోడుతుంటే వద్దనలేదు. అందరూ మళ్లీ పంచలో చేరారు. నలుగురి బట్టలూ ఒంటికి అతుక్కుని ఉన్నాయి, చేతులకి పొలుసులు అంటుకుని ఉన్నాయి. తడవని మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు.

"పెద్ద వానే" అన్నాడు ఆ మనిషి.

"నువ్వు ఒక చినుకు పట్టుకున్నావు కదా అబ్బాయ్" అంది పెద్దింట్లమ్మ, "తక్కినవి మా మీద పడ్డాయి."

ఈసారి రాము నవ్వుతూ బల్ల చరచలేదు. ధనరాజే కొంచెం నవ్వి, మడగాస్కర్‌లో వాన వేరే రకం, అక్కడి మబ్బు తెల్లగా ఉంటుంది, అందుకే ఇక్కడిది పోల్చుకోలేకపోయానన్నాడు. తర్వాత గడియారం చూశాడు. నాలుగవుతోంది.

"శ్రీనూ, బస్సు టైమైంది. ఆ కవరు ఇలా ఇవ్వు."

శ్రీను చొక్కా విప్పి పిండుతున్నాడు. పిండిన చొక్కాని దులిపి భుజాన వేసుకున్నాడు. "అక్క దగ్గరుంది బావా."

ధనరాజు నాంచారమ్మ వైపు తిరిగాడు. ఆమె టీపొడి డబ్బా మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. తమ్ముడి వంకే చూస్తోంది. ఇమ్మంటే ఇచ్చేయాలి, అది వాడి కాగితం. వాడి నోటి నుంచి రావాల్సిన మాట కోసం ఆ రోజంతటిలో అంత సేపు ఎప్పుడూ ఎదురుచూడలేదు.

"ఇప్పుడు మూత తీస్తే పొడికి చెమ్మ తగులుద్ది" అన్నాడు శ్రీను. "ఉండనీ బావా. అక్కడే ఉండనీ."

గుడివాడ బస్సు అందుకోవాలని ధనరాజు గబగబా లేచాడు. బస్టాండు దాకా దింపుతానని రాము ఆటో స్టార్టు చేశాడు. దారిలో ఆ ప్రెసిడెంటు గారి సీసా సంగతి మొదటి నుంచీ చెబుతానన్న మాట రోడ్డు మలుపు దాకా వినబడింది.

నాంచారమ్మ పొయ్యి మళ్లీ వెలిగించి ముగ్గురికి టీ పెట్టింది. శ్రీను కుర్చీని తూర్పుకి తిప్పి కూర్చుని, రేపటి వేటకి ఎన్నింటికి బయలుదేరాలో పెద్దింట్లమ్మకి చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆగాడు. మెడ తిప్పి పడమటికేసి ఒక చూపు చూశాడు. ఏమీ లేదని తేల్చుకుని, మళ్లీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు.